టీచరు గారి పేరు మీద హైమాస్టు లైటు

మా టీచరు గారు పోయారు. డిసెంబరులో ఒక గురువారం పొద్దున్న, కనకాలపేటలో తన ఇంట్లో, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, పేపరు చేతిలోకి తీసుకుని, కుర్చీలోనే వెళ్ళిపోయారు. నేను అప్పుడే మా మెడికల్ షాపు షట్టరు ఎత్తుతున్నాను. ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి, "పద్మా, అక్క బీపీ బిళ్ళలు ఇంక తీసి పెట్టకమ్మా" అన్నారు. నాకు అర్థం కాక, డాక్టరు మందు మార్చారా పిన్ని గారూ అని అడిగాను. అవతల నుంచి ఏడుపు వినపడ్డాక గానీ నా బుర్రకెక్కలేదు.

ఇలాంటివి రాసేవాళ్ళు దుఃఖంతో మొదలుపెడతారు. నాకు దుఃఖం ఇంకా రాలేదు. కోపం వచ్చింది, వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది. ఆవిడని ఏడిపించిన వాళ్ళ మీదైతే ఇంత బాధ లేదు. ఆవిడంటే ప్రాణం పెట్టేవాళ్ళ మీద కోపం. ఆవిడ దగ్గర చదువుకుని, ఆవిడ పేరు చెబితే చేతులు జోడించే మా పూర్వ విద్యార్థులంతా కలిసి, ఆవిడ జ్ఞాపకార్థం, కూడళ్ళలో ఎత్తు స్తంభం మీద పెడతారే, ఆ హైమాస్టు లైటు ఒకటి వేయిద్దామని తీర్మానం చేశారు. అది కూడా ఎక్కడో కాదు, అడవిపొలం ఊరి చివర, ఆవిడ పిల్లల్ని కూర్చోబెట్టి చుక్కలు చూపించే నూర్పుల కళ్ళంలో. ఈ యానాంలో ఉద్యోగం చేసినంత కాలం, రిటైరయ్యాక బతికినంత కాలం, ఆవిడ నోరు తెరిచి ఊరిని అడిగింది ఒక్కటే, కాస్త చీకటి. ఆ మనిషికి మేమిచ్చే కానుక లైటు. చదివే మీరు ఆవిడని ఎరగరు కాబట్టి, నా కోపం న్యాయమో కాదో మీరే తేల్చుకోవాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

ఆవిడ మాకు ఫిజికల్ సైన్సు చెప్పేవారు. పొట్టిగా, సన్నగా, ముక్కు మీదికి జారిపోయే కళ్ళజోడుతో, ఎప్పుడూ నేత చీరలో ఉండేవారు. అడవిపొలంలో కూలిపనులు చేసుకునే కుటుంబంలో పుట్టారు. తండ్రి ఊళ్ళో రైతుల చేలల్లో కోతలు కోసి, నూర్పులు నూర్చి, చివరి రోజుల్లో ఊరవతల చిన్న కళ్ళం ముక్క ఒకటి సంపాదించాడట. "మాకు చేను లేదుగానీ కళ్ళం ఉందర్రా" అని టీచరు గారు నవ్వేవారు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు, భర్త పోయాక వచ్చి ఆవిడతోనే ఉండిపోయారు. యానాం పుదుచ్చేరి కింద కదా, ఉద్యోగంలో కొన్నాళ్ళు కారైకాల్, కొన్నాళ్ళు మాహే బదిలీ చేశారు. అరవం రాకుండా ఒక ఊళ్ళో, మలయాళం రాకుండా ఇంకో ఊళ్ళో ఎలా గడిచిందండీ అని అడిగితే, "ఏముందమ్మా, అక్కడా ఇదే ఎద్దు" అన్నారు.

ఎద్దు అంటే వృషభ రాశి. చలికాలం సాయంత్రాలు నెత్తి మీదికొచ్చే చుక్కల ఎద్దు. ఆకాశంలో అన్ని రాశులుండగా ఆవిడ మాకు చెప్పింది ఈ ఒక్కటే. ఎందుకండీ అంటే, "అన్నీ చూపిస్తే ఏదీ చూడరర్రా మీరు. పెళ్ళి భోజనంలో పాతిక రకాలు వడ్డించినట్టు, అన్నీ ముట్టుకుని లేచిపోతారు" అనేవారు. ఒక్క ఎద్దుని సరిగ్గా పట్టుకుంటే చాలన్నది ఆవిడ లెక్క. అందులో కొత్తగా పుట్టిన చుక్కలున్నాయి, ముసలి చుక్క ఉంది, చచ్చిపోయిన చుక్క కూడా ఉంది. ఇంతకంటే ఏం కావాలి అనేవారు.

నేను మొదటిసారి వెళ్ళింది తొమ్మిదో తరగతిలో. అప్పట్లో ఆ క్లాసు ఏటి ఒడ్డున జరిగేది. చీకటి పడ్డాక ఆడపిల్లల్ని పంపడానికి ఇళ్ళల్లో ఒప్పుకోరు కదా, ఆవిడే ఇంటింటికీ వచ్చి అడిగేవారు. మా నాన్న గుమ్మంలో నిలబడి, చీకట్లో ఆడపిల్లలకి ఏం పనండీ అన్నాడు. ఆవిడ మెట్టు దిగలేదు. "పగలు కనపడితే పగలే తీసుకెళ్దునండి. కనపడవు" అన్నారు. ఆ అన్న తీరుకి మా నాన్న పక్కకి తప్పుకుని నన్ను పంపించాడు. క్లాసయ్యాక ఎవరి గుమ్మంలో వాళ్ళని దిగబెట్టి గానీ ఆవిడ ఇంటికెళ్ళేవారు కాదు.

ఒడ్డున చాపలు వేసి కూర్చోబెట్టేవారు. వెంటనే ఏదీ చూపించరు. "ముందు కళ్ళని కూర్చోనివ్వండి" అనేవారు. మనం కూర్చుంటే సరిపోదు, కళ్ళు కూడా చీకట్లో కుదురుకోవాలి, దానికి కాస్త టైము పడుతుంది, మధ్యలో ఎవరైనా అగ్గిపుల్ల గీశారా మళ్ళీ మొదటికొస్తుంది. తన టార్చికి ఎర్ర కాగితం చుట్టుకునేవారు, ఎరుపు కళ్ళని చెదరగొట్టదని. తర్వాత సెల్‌ఫోన్ల రోజులొచ్చాక ఒక వెదురుబుట్ట పట్టుకుని అందరి దగ్గరా ఫోన్లు వేయించుకునేవారు, చర్చిలో కానుకలు పట్టినట్టు.

అప్పుడు మొదలయ్యేది పిల్లలకోడి. పుస్తకంలో కృత్తికలు అని ఉంటుంది, మా అమ్మమ్మలు పిల్లలకోడి అనేవారు. మామూలుగా చూస్తే మసక మసకగా ఒక చుక్కల ముద్ద. "తిన్నగా చూడకండి, కొంచెం పక్కకి చూడండి" అనేవారు టీచరు గారు. నిజంగానే తిన్నగా చూస్తే కొన్ని మాయమయ్యేవి, పక్కకి చూస్తే బయటికొచ్చేవి. నాకు ఆరు కనపడ్డాయి. నా పక్కన కూర్చున్న జాలరోళ్ళ పిల్ల తొమ్మిది చూసింది. అసలెన్ని ఉన్నాయండీ అంటే, వందలున్నాయి, అన్నీ ఒకే మబ్బులోంచి పుట్టిన తోబుట్టువులు, ఇప్పటికీ కలిసే నడుస్తున్నాయి అని చెప్పారు. "ఈ వెలుతురు అక్కడ బయల్దేరేనాటికి మన యానాంలో ఫ్రెంచివాళ్ళు ఇంకా కాలు పెట్టలేదర్రా" అన్నారు. అంతకుముందు రోజే ఫ్రెంచివాళ్ళ పాఠం బట్టీ పెట్టి ఉన్న నాకు, ఆ పాఠం మొత్తం ఒక్కసారి చిన్నదైపోయింది.

పిల్లలకోడి నుంచి చూపు కొంచెం జరిపితే ఎద్దు మొహం. ఇంగ్లీషు వి అక్షరంలా ఒక చుక్కల గుంపు, దాని చివర ఎర్రగా రోహిణి. మా చుట్టాల్లో రోహిణి నక్షత్రంలో పుట్టినవాళ్ళు ఎంతమందో, ఆ రోహిణి ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ గుంపుకి రోహిణే పెద్ద అనుకుంటాం చూడగానే. కాదని చెప్పారు. గుంపు ఎక్కడో వెనకాల ఉంది, రోహిణి అందులో సగం దూరంలో కూడా లేదు, ముందుకొచ్చి నిలబడింది, మనకి ఒకే వరసలో పడింది కాబట్టి ఒకే ఇంటిది అనుకుంటున్నాం. "మరైతే అది ఒంటరిదాండీ?" అని అడిగింది ఒక పిల్ల. పెళ్ళి కాని టీచరుని ఆ మాట అడగచ్చా అని మేమంతా బిగుసుకుపోయాం. ఆవిడ మామూలుగా, "ఒంటరేముందమ్మా, దాని పని అది చేసుకుంటోంది" అన్నారు.

ఆవిడకి కోపం కూడా జాస్తే. మెత్తని మనిషని పోయాక అందరూ రాస్తున్నారు, అది అబద్ధం. ఒకసారి మా క్లాసు సత్తిబాబు, వాళ్ళన్నయ్యని అడిగి తెచ్చుకున్న మోటారుసైకిలు మీద, హెడ్‌లైటు మా మొహాల మీద కొట్టుకుంటూ ఒడ్డుకొచ్చాడు. అప్పుడే అందరి కళ్ళూ కుదురుకున్నాయి. టీచరు గారు లేచి వెళ్ళి బండి తాళం లాగేసి సంచిలో వేసుకున్నారు. "మళ్ళీ మొదటికి తెచ్చావు గదరా. కూర్చో" అన్నారు. క్లాసయ్యే వరకూ తాళం ఇవ్వలేదు. సత్తిబాబు చాప మీద కూర్చుని, కాసేపటికి బండి సంగతే మర్చిపోయి, పిల్లలకోడిలో ఎన్ని కనపడ్డాయో నాతో పందెం వేశాడు. ఈ సత్తిబాబుని గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తాడు.

ఇక్కడ మాలో ఒక అలవాటుంది. ఎవరైనా పోతే వాళ్ళ పేరు మీద ఏదో ఒకటి ఇస్తారు. గుడిలో అయితే సిమెంటు బల్ల, చర్చిలో అయితే ఫ్యాను, ట్యూబులైటు. వాటి మీద ఫలానా వారి జ్ఞాపకార్థం అని రంగుతో రాయిస్తారు. టీచరు గారి చర్చిలో ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లున్నాయి. తిరిగే ఫ్యాను మీద పేరు ఎవరు చదువుతారు? ఆవిడ దానికి తెగ నవ్వుకునేవారు. "కరెంటు పోతే గానీ మనవాళ్ళ పేర్లు కనపడవు, చుక్కలూ అంతే" అనేవారు. కరెంటు పోయినప్పుడు వీధంతా తిట్టుకుంటూ విసనకర్రలు వెతుక్కుంటుంటే, ఆవిడ చెప్పులేసుకుని బయటికొచ్చి తల పైకెత్తేవారు.

తుపాను వచ్చిన ఏడు ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు. మబ్బు విడిచాక ఆకాశం ఎలా ఉందంటే, అంత చిక్కటి చుక్కల్ని నేను మళ్ళీ చూడలేదు. ఆవిడ సంతోషం పట్టలేక వీధిలో వాళ్ళందరినీ పిలిచారు. పెంకులెగిరిపోయిన ఇంట్లోంచి ఒకావిడ బయటికొచ్చి, "మేం కొంపలు పోయి ఏడుస్తుంటే చుక్కలు చూపిస్తావేటి పంతులమ్మా" అని మొహం మీదే అనేసింది. టీచరు గారు మర్నాడు పొద్దున్నే ఆవిడింటికి వెళ్ళి, తడిసిన బియ్యం ఆరబోసి, సాయంత్రం దాకా ఆ పనిలోనే ఉన్నారు. రెండ్రోజులకి ఆ మనిషే వచ్చి, "ఏదమ్మా నీ ఎద్దు, సూపించు" అంది. ఆవిడకి చూపించినంత ఓపిగ్గా టీచరు గారు మాకు కూడా ఎప్పుడూ చూపించలేదు.

తర్వాత ఏటి ఒడ్డుకి అందం వచ్చింది. రంగురంగుల లైట్లు, బల్లలు, ఫొటోలు దిగేవాళ్ళు. టీచరు గారు క్లాసుని స్కూలు డాబా మీదికి మార్చుకున్నారు. కొన్నాళ్ళకి స్కూలు ముందు కూడలిలో హైమాస్టు లేచింది. డాబా మీద నిలబడి పేపరు చదువుకోవచ్చు, చుక్క మాత్రం ఒక్కటీ లేదు. అక్కడి నుంచి మెట్టకూరు వైపు పొలాల్లోకి వెళ్ళారు. రొయ్యల చెరువులు వచ్చి, చెరువు చెరువుకీ లైట్లు పెట్టారు. చివరికి మిగిలింది వాళ్ళ నాన్న కళ్ళం. ఆడపిల్లల్ని ఆటోలో ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళేవారు. వయసు మీద పడుతున్న మనిషిని ఈ ఊరు వెనక నుంచి తరిమినట్టు తరిమింది. మధ్యలో ఆవిడ వెళ్ళి అడగని పెద్దమనిషి లేడు. చలికాలంలో వారానికి ఒక్క సాయంత్రం, ఒక్క గంట ఏటి ఒడ్డు లైట్లు తీసేయమని అడిగారు. చీకటి కావాలని అర్జీ పెట్టిన మనిషిని నా సర్వీసులో చూడలేదని ఒకాయన నవ్వాడట.

అలాగని ఆవిడకి వెలుగంటే పగ లేదు. అది సరిగ్గా చెప్పకపోతే నేనూ అబద్ధం రాసినదాన్నవుతాను. అడవిపొలం దారిలో ఆడవాళ్ళు పనుల నుంచి చీకటి పడ్డాక వస్తారు, పాములు తిరుగుతాయి. అక్కడ వీధిలైటు వేస్తామంటే ఆవిడ వద్దనలేదు. నూనె డబ్బా రేకు కత్తిరించి గొడుగులా చేయించి ఆ లైటు పైన బిగించుకున్నారు. వెలుగంతా కింద దారి మీద పడేది, కళ్ళంలో చీకటి చీకటిగానే ఉండేది. "కింద నడిచేవాళ్ళకి వెలుగు, పైన మనకి చీకటి. కొట్టుకోవాల్సిన పనేముంది" అన్నారు. ఇంత సులువైన సంగతి ఆ రేకు గొడుగు చూసిన వాళ్ళెవరికీ ఎందుకు ఎక్కలేదో నాకిప్పటికీ తెలియదు.

ఆ కళ్ళంలోనే ఒకసారి కాజాలు పంచారు. ఏంటండీ విశేషం అంటే, "నాకు అరవై అయిదు నిండాయి. ఇవాళ మనకి కనపడుతున్న రోహిణి వెలుతురు, దరిదాపుగా నేను పుట్టిన ఏడే అక్కడ బయల్దేరింది. నేను పెరిగాను, చదువుకున్నాను, ముసలిదాన్నయ్యాను, అదేమో ఆగకుండా వస్తూనే ఉంది. ఇవాళ చేరింది" అన్నారు. ఆ రోజు ఆవిడ మొహం అందరం చూడాలని అనుకున్నాం గానీ చీకట్లో కనపడలేదు. గొంతులోనే తెలిసింది.

రిటైరయ్యాక తెప్పించుకున్న చిన్న టెలిస్కోపులో ఎద్దు కొమ్ము చివర ఉన్నదాన్ని చూపించింది కూడా అక్కడే. దాన్ని పీత నీహారిక అంటారు. నేను మా అమ్మాయిని తీసుకెళ్ళాను. అది కన్ను పెట్టి చూసి, "అమ్మమ్మ గారూ, లెన్సు మీద ఏదో మరకుందండి" అంది. టీచరు గారు పడీపడీ నవ్వారు. పీతల పులుసు తినే ఊళ్ళో పుట్టి పీతని పోల్చుకోలేకపోయావేంటే అన్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. "ఆ మరక ఒక చుక్క చచ్చిపోయిన చోటమ్మా. అది పేలిన వెలుతురు ఇక్కడికి చేరిన రోజుల్లో పట్టపగలు కనపడింది మనుషులకి. ఇప్పటికి దాదాపు వెయ్యేళ్ళయింది. ఇంకా విచ్చుకుంటూనే ఉంది." మా అమ్మాయి ఇంకోసారి చూస్తానని మళ్ళీ లైనులో నిలబడింది.

ఇక ఇప్పటి సంగతి. జ్ఞాపకార్థ కూడిక చర్చి పక్క పందిట్లో పెట్టారు. గుమ్మంలోనే పెద్ద ఫ్లెక్సీ. మధ్యలో టీచరు గారి ఫొటో, చుట్టూ కిరణాలు, కింద "చీకటిని తరిమికొట్టిన జ్ఞానజ్యోతి" అని అక్షరాలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరైనా తనని దీపమనో జ్యోతి అనో పొగిడితే ఆవిడ ఊరుకునేవారు కాదు. "వెలుగెక్కువైతే పక్కనున్నవి కనపడవర్రా, నన్ను దీపాన్ని చెయ్యకండి" అనేవారు. ఆ మాట మా బ్యాచంతా విన్నాం. విని కూడా ఫ్లెక్సీ వేయించారు.

పాటలయ్యాక సత్తిబాబు మైకు తీసుకున్నాడు. వాడిప్పుడు కరెంటు పనుల కాంట్రాక్టరు. మోటారుసైకిలు తాళం కథ చెప్పాడు. అందరూ నవ్వారు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు, అందరూ ఏడ్చారు. దొంగ ఏడుపు కాదు, నేను ఎదురుగానే కూర్చున్నాను. ఆ ఏడుపు గొంతుతోనే, టీచరు గారి కళ్ళంలో ఆవిడ పేరు మీద హైమాస్టు లైటు మన బ్యాచి తరఫున నిలబెడదాం అన్నాడు. పందిరి దద్దరిల్లేలా చప్పట్లు. "సరేనా అమ్మగారూ?" అని మైకులోనే టీచరు గారి చెల్లెల్ని అడిగాడు. ముందు వరసలో కూర్చున్న ఆవిడ కంగారుగా లేచి చేతులు జోడించారు. దాన్ని సరే అనుకున్నారు.

మర్నాడు సత్తిబాబు షాపుకి వెళ్ళాను. కోప్పడకూడదనే వెళ్ళాను, గుమ్మంలోనే కోప్పడ్డాను. తాళం కథ అంత బాగా చెప్పావు కదా, ఆవిడ తాళం ఎందుకు లాక్కున్నారో నీకు అర్థమైందా అని అడిగాను. వాడు పామొచ్చి కరిస్తే ఎవరిది బాధ్యత అన్నాడు, అడవిపొలం ఆడవాళ్ళు వెలుగు కావాలంటున్నారన్నాడు. దారిలో వెయ్యి, ఆవిడ వేయించినట్టు రేకు గొడుగు పెట్టి వెయ్యి, కళ్ళం జోలికి రాకు అన్నాను.

"గొడుగెడితే ఎవరికి కనపడద్ది పద్మా? ఏటవతల ఎదుర్లంక నించి సూసినా మన టీచరు గారి లైటు కనపడాలి. అదీ ఆవిడ స్థాయి."

"ఆవిడ ఎవరికీ కనపడాలని కోరుకోలేదు సత్తిబాబూ."

వాడి మొహం ఎర్రబడింది. "నీకొక్కదానికే టీచరు గారంటే ప్రేమున్నట్టు మాట్లాడతావేంటి?" అన్నాడు.

వాడిది ప్రేమే. ఆవిడ చెప్పిన ప్రతి మాటా గుర్తుపెట్టుకుని, ఒక్కటీ వినని ప్రేమ. మా ఊరు నిండా అదే. శత్రువుతో పోట్లాడచ్చు, ఇలాంటి ప్రేమతో ఎవరు పోట్లాడతారు?

అక్కడి నుంచి కనకాలపేట వెళ్ళాను. కళ్ళం ఇప్పుడు చెల్లెలిదే కాబట్టి ఆవిడ కాదంటే ఎవరూ గుంట తవ్వలేరు. ఆ మాటే చెప్పాను. ఆవిడ అక్కగారి కుర్చీ పక్కన కింద కూర్చుని చీర అంచు మడతపెట్టారు. "అందరి ముందూ ఏడుత్తా అడిగేడమ్మా ఆ అబ్బాయి. ఏవని కాదంటాను? అక్కకైతే నోరుంది. నాకు లేదు" అన్నారు. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. కాఫీ ఇస్తానన్నా తాగకుండా వచ్చేశాను.

ఫిబ్రవరిలో లైటు నిలబడింది. ప్రారంభానికి వెళ్ళకూడదనుకుని, వెళ్ళాను. కళ్ళంలో శామియానా, కుర్చీలు, స్తంభానికి పూలదండ, స్తంభం మొదట్లో నల్లరాయి మీద టీచరు గారి పేరు. స్కూలు నుంచి ఆడపిల్లల్ని యూనిఫారాల్లో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. ఈలోగా పొద్దు గూకి చీకటి పడింది. ఇంక ఆయన కోసం చూడటం ఎందుకు, చెల్లెలు గారి చేతే స్విచ్చి నొక్కిద్దాం అన్నారెవరో. సత్తిబాబు ఆవిడని చెయ్యి పట్టుకుని స్తంభం దగ్గరికి నడిపించుకెళ్ళాడు.

ఆవిడ స్విచ్చి వైపు చూడలేదు. మైకు అడిగారు. ఆవిడ మైకులో మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"ఒక్క పావుగంట ఈ శామియానా లైట్లన్నీ తీసెయ్యండి బాబూ. అక్క క్లాసు ఒక్కటి అవనివ్వండి. అయ్యాకా నొక్కుతాను."

సత్తిబాబే వెళ్ళి జనరేటరు ఆపేశాడు. అది వాడి ఖాతాలో రాయాలి, రాస్తున్నాను. చీకట్లో ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పిల్లల మధ్య నేల మీద కూర్చున్నారు. చెల్లెలు గారికి సైన్సు రాదు. నీహారికలూ దూరాలూ తెలియవు. కానీ అన్నేళ్ళూ అక్క వెనకాల చాపలు మోసుకుంటూ తిరిగిన మనిషి. కంగారు పడకండమ్మా, కళ్ళని కాస్త కుదురుకోనివ్వండి, అవే కనపడతాయి అంటూ ఉన్నారు. కుర్చీల్లో సణుగుడు తగ్గింది. ఒక ఫోను వెలిగితే పక్కవాళ్ళే కసిరి ఆర్పించారు. కాసేపటికి నా వెనకాల ఎవరో "అబ్బ" అన్నారు. ఎద్దు సరిగ్గా మా నెత్తి మీద ఉంది. సత్తిబాబు స్తంభానికి ఆనుకుని, నోరు కొంచెం తెరిచి, పైకి చూస్తూ ఉండిపోయాడు. ముందు వరసలో ఒక పిల్ల లేచి నిలబడి, వేలు చూపిస్తూ పిల్లలకోడిని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ కాసేపూ నాకు ఎవరి మీదా కోపం లేదు.

అప్పుడు కారొచ్చింది. దాని లైట్లు కళ్ళం మొత్తం ఊడ్చుకుంటూ వచ్చి శామియానా మీద ఆగాయి. ముఖ్య అతిథి దిగి, ఆలస్యానికి అందరికీ దణ్ణాలు పెడుతూ, ఇంకో ఫంక్షనుకి వెళ్ళాలి అంటూ తిన్నగా స్తంభం దగ్గరికి నడిచాడు. పక్కనున్నవాళ్ళు జనరేటరు వేశారు. నేను ఆగండి అని అరిచాను. చప్పట్ల మధ్య నా గొంతు నాకే వినపడలేదు. ఆయన స్విచ్చి నొక్కేశాడు.

ఆ తర్వాత తీసిన ఫొటో మా గ్రూపులో పెట్టారు. అందులో మధ్యలో ముఖ్య అతిథి, అటూ ఇటూ మా బ్యాచివాళ్ళు, అందరూ నవ్వుతూ కెమెరాకేసి చూస్తున్నారు. సత్తిబాబు తల దించుకుని ఉన్నాడు. వాళ్ళ వెనకాల, తెల్లటి వెలుగులో, ఆడపిల్లలంతా కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని, మెడలు వెనక్కి వాల్చి పైకి చూస్తున్నారు. వాళ్ళ మధ్య నేల మీద కూర్చుని చెల్లెలు గారు, ఏమీ కనపడని చోటికి చెయ్యెత్తి చూపిస్తున్నారు. ఫొటో కింద మా క్లాసు అమ్మాయి ఒకతె హైదరాబాదు నుంచి రాసింది: "చాలా బాగుంది. పిల్లలే కెమెరా వైపు చూడలేదు. ఇంకో ఫొటో ఉంటే పెట్టండి."